బెల్ట్ కంపెనీ ఇస్తుంది, టాప్ స్టార్‌ని చేసేది జనం

అందరికీ నమస్కారం.

రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే డిసైడ్ అయిపోయి ఉంటుంది, ఈ హాల్లో ఉన్న అందరికీ అది తెలుసు, కాబట్టి దాని మీద టైమ్ పెట్టను. నా ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. గెలిపించేది కంపెనీ, అంటే డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి సంస్థ, బెల్ట్, అంటే ఛాంపియన్‌షిప్, ఇచ్చేది కంపెనీ, ఎంట్రన్స్ మ్యూజిక్, టీవీలో ఎన్ని నిమిషాలు, పోస్టర్ మీద ఎవరి మొహం, అన్నీ వాళ్ళ చేతిలోనే ఉంటాయి, మరి అలాంటప్పుడు వాళ్ళకి నచ్చినోడ్ని నచ్చినప్పుడు టాప్ స్టార్ చేసేయొచ్చు కదా, ఎందుకు చెయ్యలేకపోతారు?

కంపెనీ టాప్ స్టార్ చేద్దామనుకున్న రోమన్ రెయిన్స్‌ని చూడండి. 2015 రాయల్ రంబుల్, అంటే 30 మంది రెజ్లర్లు ఒకరి తర్వాత ఒకరు రింగ్‌లోకి దిగే మ్యాచ్, ఫిలడెల్ఫియాలో జరిగింది, రోమన్ గెలిచాడు, సాక్షాత్తూ పాత సూపర్‌స్టార్ ది రాక్ వచ్చి పక్కన నిలబడి చెయ్యి పైకెత్తినా జనం బూ అని అరుస్తూనే ఉన్నారు. ఆ తర్వాత 2018 దాకా ఏడాదికోసారి జరిగే అన్నిటికంటే పెద్ద షో రెజిల్‌మేనియాలో వరసగా నాలుగుసార్లు చివరి మ్యాచ్, అంటే మెయిన్ ఈవెంట్, అతనిదే. హైట్ ఉంది, బాడీ ఉంది, ఫ్యామిలీ నిండా రెజ్లర్లే, రింగ్‌లో పని కూడా అప్పట్లో జనం తిట్టినంత తక్కువేం కాదు. అయినా ఒప్పుకోలేదు. అతన్ని నవ్వుతూ ఉండే మంచి హీరోగా నిలబెట్టి, వేరేవాళ్ళు రాసిన జోకులు చెప్పించారు, ఆ మాటల మీద అతనికే నమ్మకం లేనట్టు మొహంలో తెలిసిపోయేది. ఆ తేడాని జనం పట్టేశారు.

అదే మనిషి 2020 ఆగస్టులో మేనేజర్‌గా పాల్ హేమన్‌ని వెంటేసుకుని ట్రైబల్ చీఫ్‌గా తిరిగొచ్చాడు. హీల్, అంటే విలన్. గొంతు తగ్గించి మాట్లాడ్డం, ఒక్క మాట అని చాలాసేపు ఆగడం, సొంత కజిన్ జే ఉసోని కూడా తొక్కెయ్యడం. 1,316 రోజులు యూనివర్సల్ టైటిల్ వదల్లేదు. ఇందులో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఏంటంటే, మారింది కోవిడ్ టైమ్‌లో, అరీనాలో జనమే లేరు, చుట్టూ స్క్రీన్ల మీద మొహాలు తప్ప. కానీ అంతకు ముందు ఐదారేళ్ళు జనం ఏం చెప్పారో అతని చెవుల్లో ఉంది కదా. 2021 జూలైలో ఫ్యాన్స్ మళ్ళీ వచ్చేసరికి వాళ్ళకి నచ్చని మనిషి అక్కడ లేడు.

నేను చెప్పాలనుకున్న పాయింట్ ఇదే. టాప్ స్టార్‌కి ఉండాల్సిన అసలు టాలెంట్ వినడం. ఫ్యాన్స్ ఏం అరుస్తున్నారు, ఎక్కడ అరుస్తున్నారు, ఎక్కడ ఆగిపోయారు, అది విని అక్కడికక్కడ మారగలగడం.

దీనికి నాకు తెలిసి బెస్ట్ మ్యాచ్ 2002 మార్చి 17న టొరంటో స్కైడోమ్‌లో ది రాక్, హల్క్ హొగన్‌ల మధ్య జరిగింది. 68 వేలకు పైగా జనం. కథ ప్రకారం రాక్ హీరో, హొగన్ విలన్, అంతకు కొన్ని వారాల ముందే రాక్ ఉన్న అంబులెన్స్‌ని ట్రక్కుతో గుద్దించిన విలన్. బెల్ కొట్టారు, జనం మొత్తం హొగన్ వైపు. చిన్నప్పుడు చూసిన హీరో ఎదురుగా నిలబడితే కథ ఎవడిక్కావాలి? ఇక్కడ ఇంకెవరైనా అయితే కంగారు పడి ముందు అనుకున్న మ్యాచే లాగించేసేవాళ్ళు. వీళ్ళిద్దరూ మ్యాచ్ నడుస్తుండగానే మార్చేసుకున్నారు, రాక్ మెల్లగా విలన్ లాగా ఆడటం మొదలెట్టాడు, హొగన్ పాత రోజుల్లో లాగా దెబ్బలు తిని తల ఊపుతూ లేచాడు, స్టేడియం ఊగిపోయింది. ఆ మ్యాచ్‌లో టెక్నికల్‌గా చెప్పుకోడానికి పెద్దగా మూవ్స్ లేవు. అయినా వేలసార్లు ఎగిరి దూకిన మ్యాచ్‌లు మర్చిపోతాం, ఇది మర్చిపోం.

రాక్‌కి ఆ చెవి ఎక్కడి నుంచి వచ్చిందంటే, పెద్ద దెబ్బ తిని నేర్చుకున్నాడు. 1996 నవంబర్‌లో రాకీ మైవియా అనే పేరుతో వచ్చాడు, తండ్రి రాకీ జాన్సన్, తాత పీటర్ మైవియా, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. నవ్వుతూ చేతులూపే కుర్రాడు. కొన్ని నెలల్లోనే జనం "డై రాకీ డై" అని అరిచారు, ఊహించుకోండి, పాతికేళ్ళ కుర్రాడు అది వింటూ రింగ్‌లో నిలబడాలి. 1997లో నేషన్ ఆఫ్ డామినేషన్ అనే విలన్ల గ్యాంగ్‌లో చేరి ఆ కోపాన్నే క్యారెక్టర్‌గా మార్చుకున్నాడు.

మైక్ గురించి అందరూ చెప్తారు కాబట్టి తక్కువ చెప్తా. ప్రోమో, అంటే మ్యాచ్ కోసం మైక్‌లో చెప్పే మాటలు, బాగా చెప్పడం అంటే అరవడం అనుకుంటారు చాలామంది. 1985లో డస్టీ రోడ్స్ చెప్పిన హార్డ్ టైమ్స్ ప్రోమో చూడండి, లావుపాటి మనిషి, ప్లంబర్ కొడుకు, ఉద్యోగాలు పోయిన మిల్లు కార్మికుల గురించి మాట్లాడాడు, ప్రత్యర్థి రిక్ ఫ్లేర్‌తో తన గొడవని వాళ్ళ బాధలో కలిపేశాడు. అవతల ఫ్లేర్ ఖరీదైన సూట్లు, వాచీలు చూపించేవాడు. బాడీ ఒక్కటే ముఖ్యం అనేవాళ్ళకి డస్టీని మించిన జవాబు నా దగ్గర లేదు.

ఇంకో విషయం ఉంది, దీన్ని అసలు ఎవరూ సరిగ్గా పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. స్టార్‌ని చేసేది ఎదుటి రెజ్లర్ కూడా. 1997 మార్చి 23, రెజిల్‌మేనియా 13, బ్రెట్ హార్ట్ వర్సెస్ స్టీవ్ ఆస్టిన్. ఆస్టిన్ అప్పటికి విలన్, 1996 కింగ్ ఆఫ్ ద రింగ్ టోర్నమెంట్ గెలిచి చెప్పిన 3:16 డైలాగ్ టీషర్టుల మీదికి ఎక్కేసింది కానీ ఇంకా టాప్ లెవెల్ కాదు. ఆ మ్యాచ్ చివర్లో బ్రెట్ షార్ప్‌షూటర్ అనే కాళ్ళు మెలిపెట్టే పట్టు వేశాడు, ఆస్టిన్ మొహం నిండా రక్తం, నొప్పితో అరుస్తున్నాడు కానీ ఓడిపోయానని మాత్రం ఒప్పుకోడు, అలాగే స్పృహ తప్పాడు. మ్యాచ్ ఓడిపోయాడు! కానీ బ్రెట్ ఆగకుండా పడిపోయినోడ్ని మళ్ళీ కొట్టడానికి వెళ్ళేసరికి అందరూ బ్రెట్‌ని బూ అన్నారు, ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్ళిన ఆస్టిన్ పేరు పట్టుకుని అరిచారు. ఒకే రాత్రి హీరో విలన్ అయ్యాడు, విలన్ హీరో అయ్యాడు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న అభిమానాన్ని బ్రెట్ ఆ రింగ్‌లో ఇంకొకడి కోసం వదులుకున్నాడు, ఆ పని చెయ్యడానికి ఎంత నైపుణ్యం కావాలో, ఎంత పెద్ద మనసు కావాలో ఆలోచించండి. 1987లో ఆండ్రే ద జెయింట్ చేసింది కూడా అదే, వెన్ను ఆపరేషన్ అయిన మనిషి, నడవడమే కష్టంగా ఉన్నప్పుడు పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో హొగన్ చేత బాడీస్లామ్ చేయించుకున్నాడు. ఆండ్రేకి ఇష్టం లేకపోతే అంత బరువుని ఎవరూ ఎత్తలేరు.

ఓటమి గురించి మాట్లాడాం కదా, డేనియల్ బ్రయన్‌ని కూడా అనుకుందాం. 2012 రెజిల్‌మేనియాలో 18 సెకన్లలో ఓడించారు. అంత అవమానం చూసి మర్నాటి నుంచి జనం అతని నినాదం యెస్ యెస్ అని అరవడం ఆపలేదు. 2014 రాయల్ రంబుల్‌లో అతన్ని పెట్టలేదు, 30వ నంబర్‌లో అందరూ ప్రేమించే రే మిస్టీరియో వచ్చాడు, పాపం అతన్ని కూడా బూ అన్నారు, బ్రయన్ కాదు కాబట్టి. చివరికి కంపెనీ ప్లాన్ మార్చుకుంది, ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో ఒకే రాత్రి ట్రిపుల్ ఎచ్‌ని, తర్వాత ఆర్టన్‌నీ బటిస్టానీ దాటి గెలిచాడు. బెకీ లించ్ కూడా అంతే, 2018 సమ్మర్‌స్లామ్‌లో షార్లెట్ మీద దాడి చేయించి విలన్‌ని చేద్దామనుకున్నారు, జనం చప్పట్లు కొట్టారు, ఆమె అది అందుకుని వెనక్కి తగ్గలేదు, ఏడాది తిరక్కుండానే రెజిల్‌మేనియాలో ఆడవాళ్ళ మొదటి మెయిన్ ఈవెంట్ గెలిచింది.

ఇప్పుడు మీలో కొందరి మనసులో జాన్ సీనా తిరుగుతూ ఉంటాడు. సగం హాలు బూ అన్నా ఏళ్ళ తరబడి మారలేదు కదా, మరి ఆయన విన్నదేంటి అని. న్యాయమైన ప్రశ్న. మొదట్లో విన్నాడు, 2002లో ఉద్యోగం పోయే పరిస్థితిలో బస్సులో ర్యాప్ చేస్తుంటే కంపెనీ ఓనర్ కూతురు స్టెఫనీ మెక్‌మాన్ విని టీవీలో పెట్టింది. తర్వాత 2006లో న్యూయార్క్ హ్యామర్‌స్టైన్ బాల్‌రూమ్‌లో తన టీషర్ట్ జనంలోకి విసిరితే వాళ్ళు తిరిగి మొహాన విసిరారు, ఆయన మళ్ళీ విసిరాడు, మళ్ళీ తిరిగొచ్చింది, ఎన్నిసార్లో. కోపం తెచ్చుకోలేదు, ఆ గొడవనే మ్యాచ్‌లో భాగం చేసేశాడు. బూ అనేవాళ్ళు కూడా టికెట్ కొని వచ్చారని, వాళ్ళ పక్కనే చిన్నపిల్లలు తన టోపీ పెట్టుకుని ఉన్నారని ఆయనకి తెలుసు, జబ్బు పడ్డ పిల్లల కోరికలు తీర్చే మేక్ ఎ విష్ సంస్థ ద్వారా 650కి పైగా పిల్లల్ని కలిసిన మనిషి ఆ పిల్లల గొంతు వినాలనుకున్నాడు. నా దృష్టిలో అదీ వినడమే. ఒప్పుకోని వాళ్ళు మైక్ తీసుకోండి, మాట్లాడుకుందాం.