చిట్టా పుస్తకం పిల్లల చేతికివ్వండి

అందరికీ నమస్కారం. రోటరీ సభ్యులూ, బడుల నుంచి వచ్చిన మాస్టార్లూ, టీచర్లూ ఉన్నారు కాబట్టి రోటరీ అండతో బడిపిల్లలు నడుపుకునే ఇంటరాక్ట్ క్లబ్బు పుట్టుక రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళ్తాను. మొదటి క్లబ్బు 1962 నవంబరు 5న ఫ్లోరిడాలోని మెల్‌బోర్న్ హైస్కూల్లో మొదలైంది. రెండోది మరుసటేడే మన పొరుగున తంజావూరులో వచ్చింది. సభ్యుల వయసు 12 నుంచి 18. ఏటా కనీసం రెండు పనులు చేయాలి: ఒకటి బడికో ఊరికో పనికొచ్చేది, ఇంకోటి దేశాల మధ్య అవగాహన పెంచేది. రెండోదానికి పరాయి దేశపు క్లబ్బుతో ఉత్తరాలు నడిపినా సరిపోతుంది.

చిక్కు ఎన్నిక దగ్గరే మొదలవుతుంది. పదో తరగతి ఫస్టు ర్యాంకు పిల్లను తెచ్చి అధ్యక్షురాలంటారు. రోటరీ సంవత్సరం జులై 1న మొదలు. దసరా దాటితే ఆ పిల్లకు స్పెషల్ క్లాసులు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నవంబరుకల్లా క్లబ్బు మూలన పడుతుంది. తొమ్మిదో తరగతి వాళ్లలోంచి ఎన్నుకోనివ్వండి. ఎనిమిదో తరగతి పిల్లలొకరు కార్యదర్శి పక్కన కూర్చుని మినిట్స్, అంటే మీటింగులో ఏమనుకున్నారో ఆ వివరాలు, రాయడం నేర్చుకోవాలి.

పని చిన్నదైనా లెక్కకు అందాలి. ఆగస్టులో డెంగీ పని తీసుకోండి: ఇంటింటికీ వెళ్లి నిలవ నీళ్లలో దోమ పురుగులున్నాయేమో చూడడం. ముగ్గురేసి జట్టు: ఒకరు మాట్లాడతారు, ఒకరు టార్చి పడతారు, ఒకరు రాస్తారు. జట్టుకు 20 ఇళ్లు, ఐదు జట్లకు 100. నోటుబుక్కులో మూడే గడులు: ఇంటి నంబరు, చూసిన తొట్లు, పురుగులున్న తొట్లు. కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు తప్పకుండా చూడాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి ప్రతి శుక్రవారం తిరగాలి. నీళ్లు పారబోసి వచ్చేస్తే కుదరదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి ఎండలోనూ బతుకుతాయి, పీచుతో రుద్దాల్సిందే.

మూడో వారానికి సగంమంది పిల్లలు రారు. ఎందుకంటే పని ఎంచింది మాస్టారు! ఇళ్లవాళ్లు తలుపు తీయకపోవడానికి కారణం వేరు: “మీ ఇంట్లో దోమలున్నాయి” అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. “పిన్నిగారూ, కూలరు చూడొచ్చా?” అనడం ముందే సాధన చేయించండి. తల్లిదండ్రుల అనుమతి పత్రం, వీధి మొగలో ఒక పెద్దమనిషి ఉండి తీరాలి.

మీటింగుకు 40 నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు పాత మినిట్స్, ఐదు జమాఖర్చులు, 20 పని మీద చర్చ, చివరి పది ఎవరు ఏం ఎప్పటికి చేస్తారో రాసుకోవడం. పెద్దవాళ్ల కుర్చీ వెనక వరసలోనే. పిల్లలు మాటరాక ఆగితే మనసులో 20 లెక్కపెట్టండి, ఈలోపు ఎవరో ఒకరు నోరు విప్పుతారు. మన రోటరీ మిత్రులకు ఇదే అన్నిటికంటే కష్టం.

డబ్బు విషయమూ అంతే. చెక్కిచ్చి ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి వెళ్లిపోకండి. చిన్న మొత్తమైనా కోశాధికారి చేతిలో పెట్టండి. టార్చి సెల్లులకైనా రసీదు, చిట్టాలో ఇద్దరి సంతకాలు. లెక్క 15 రూపాయలు తేడా వస్తే మీ జేబులోంచి తీసి సరిపెట్టొద్దు. ఆ తేడా ఎక్కడొచ్చిందో వాళ్లే వెతకాలి.

కొత్త కార్యవర్గానికి అప్పగించే రోజు పాత కోశాధికారి మిగిలిన నోట్లూ చిల్లరా బల్ల మీద పోసి, కొత్త కోశాధికారి ఎదుట లెక్కపెట్టి, ఇద్దరూ ఆ పేజీ కింద సంతకం చేయాలి.