పేరు ఎవరిది, డబ్బు ఎవరిది

అందరికీ నమస్కారం. వికీపీడియాలో ఏళ్ళ తరబడి రాస్తున్నవాళ్ళకి సంస్థ పేరుతో ఖాతా తెరవడం గురించీ, డబ్బు తీసుకుని రాయడం గురించీ నేను చెప్పబోయేవి తెలిసిన సంగతులే. సంస్థల తరఫున వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మొదటి నుంచీ వస్తాను.

ఒక సంస్థలో ప్రచారం చూసుకునే ఉద్యోగి ఉన్నాడనుకోండి. "మన వ్యాసంలో తప్పుంది, వెంటనే సరిచెయ్యి" అని పైనుంచి కబురొస్తుంది. దాపరికం ఎందుకని ఆయన సంస్థ పేరుతోనే ఖాతా తెరుస్తాడు. కాసేపటికి ఖాతా నిరోధంలో పడుతుంది, ఇక దాంతో ఏమీ రాయలేడు. మర్నాడు ఏదో మనిషి పేరుతో ఇంకోటి తెరుస్తాడు. ఈసారి ఎవరూ పట్టించుకోరు. నిజం చెబితే తంటా, దాస్తే హాయి అని ఆయనకి అర్థమైపోతుంది. కొత్త ఖాతాలని గమనించే పనిలో దిగిన రోజుల్లో ఇలా సంస్థల పేర్లు కనబడగానే నేను నిర్వాహకులకి, అంటే ఖాతాలని నిరోధించే అధికారం ఉన్న సభ్యులకి, చెప్పేసేవాణ్ణి. ఆ ఉద్యోగులకి దాక్కోవడం నేర్పుతున్నది నేనేనని చాలా ఆలస్యంగా తట్టింది.

అలాగని సంస్థ పేరుతో ఖాతా కూడదన్న ఆ నియమం అర్థం లేనిదేమీ కాదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక ఖాతా వెనక ఒక్క మనిషే ఉండాలి. సంస్థ పేరుతో ఖాతా ఉంటే, ఇవాళ చర్చా పేజీలో, అంటే వ్యాసం గురించి సభ్యులు మాట్లాడుకునే పేజీలో, మాటిచ్చినాయన రేపు ఉద్యోగం మానేస్తాడు, పాస్‌వర్డు ఇంకొకరి చేతికి పోతుంది. ఆ మాట ఎవరిని అడగాలి? పైగా చేసిన ప్రతి మార్పుకీ పేజీ మార్పుల చరిత్రలో ఆ పేరే పడుతుంది, అదో ఉచిత ప్రకటన. అందుకని "ఫలానా కంపెనీ" అని కాకుండా "ఫలానా కంపెనీలో రవి" అన్న పద్ధతిలో పెట్టుకోవచ్చు. పేరు మార్చమని విన్నపం పెట్టుకుంటే పాత దిద్దుబాట్లు కూడా కొత్త పేరు కిందికే వస్తాయి. నిర్వాహకుడనో, బాట్ (దానంతటదే దిద్దే ప్రోగ్రాము) అనో భ్రమ కలిగించే పేర్లు కుదరవు, అది వేరే చెప్పక్కర్లేదు.

జర్మన్ వికీపీడియా వాళ్ళ దారి వేరు. అక్కడ సంస్థ పేరుతో ఖాతా పెట్టుకోవచ్చు, కాకపోతే ఆ సంస్థ అధికారిక ఈమెయిల్ నుంచి రుజువు చూపించాలి. నా మట్టుకు నాకు అదే మెరుగనిపిస్తుంది. ఇక్కడున్న నా మిత్రులు కొందరు ఒప్పుకోరనీ తెలుసు.

ఇక డబ్బు సంగతి. 2014 జూన్‌లో, వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ తన వాడుక నియమాల్లో ఒక మాట చేర్చింది. ప్రతిఫలం తీసుకుని రాసేవాళ్ళు తమ యజమాని ఎవరో, క్లయింటు ఎవరో, తమకి ఎవరితో సంబంధం ఉందో చెప్పాలి. తమ వాడుకరి పేజీ, చర్చా పేజీ, మార్పుతో పాటు రాసే దిద్దుబాటు సారాంశం, ఈ మూడింట్లో ఎక్కడ చెప్పినా చాలు. ఎంత ముట్టిందో చెప్పక్కర్లేదు. ప్రతిఫలమంటే నగదొక్కటే కాదు, వస్తువులూ సేవలూ కూడా లెక్కలోకొస్తాయి. ఇంగ్లీషు వికీపీడియాలో ఇంటర్న్‌ని కూడా ఉద్యోగిగానే చూస్తారు. "నాకు జీతమే లేదండీ" అన్న జవాబు నేను విన్నంతగా ఇంకేదీ వినలేదు.

అంతకు ముందు సంవత్సరం, 2013లో, వికీ-పీఆర్ అనే సంస్థ వ్యవహారం బయటపడింది. క్లయింట్ల కోసం వందల సాక్‌పపెట్ ఖాతాలు, అంటే వేరే మనుషులవన్నట్టు నటించే దొంగ ఖాతాలు, నడిచాయి. ఫౌండేషన్ లాయర్ల ద్వారా నోటీసు పంపాల్సి వచ్చింది. నియమం వచ్చాక కూడా ఆ తరహా పనులు ఆగలేదు. 2015లో బయటపడ్డ ఆరెంజ్‌మూడీ వ్యవహారంలో 381 ఖాతాలని నిరోధించారు, 210 వ్యాసాలు తీసేశారు. అందులో పద్ధతి చూడండి. వికీపీడియా తిప్పికొట్టిన వ్యాసాలు ఎవరివో వెతికేవాళ్ళు. ఆ చిన్న వ్యాపారులకీ కళాకారులకీ కబురు పెట్టి, డబ్బిస్తే వ్యాసం నిలబెడతామనేవాళ్ళు. నిలబడ్డాక కథ అయిపోలేదు. దాన్ని ఎవరూ చెరపకుండా కాపలా కాస్తామని నెలనెలా ఇంకొంత అడిగేవాళ్ళు. ఇక్కడ బలైనది పాఠకులొక్కరే కాదు, డబ్బు కట్టినవాళ్ళు కూడా. మీకూ అలాంటి ఈమెయిల్ వస్తే పైసా ఇవ్వకండి. కాపలా కాసే అధికారం వికీపీడియాలో ఎవరికీ అమ్మకానికి లేదు.

ఒక్క విషయంలో మావాళ్ళని కూడా తప్పుపట్టాలి. ఎవరో డబ్బు తీసుకుని రాస్తున్నారని అనుమానం రాగానే, వాళ్ళ అసలు పేరూ ఉద్యోగం ఎక్కడెక్కడో వెతికి తెచ్చి చర్చా పేజీలో పెట్టేస్తారు. ఆ మనిషి తనంతట తాను చెప్పుకోని వివరాలు అలా పెట్టడం వేధింపు కిందికే వస్తుంది. ఆధారాలుంటే గుట్టుగా పంపే మార్గాలున్నాయి, వాటిని వాడాలి.

మళ్ళీ మన ఉద్యోగి దగ్గరికి వద్దాం. పేరు మార్చుకున్నాడు, వాడుకరి పేజీలో ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఇక వ్యాసాన్ని దిద్దేయొచ్చా? ఇంగ్లీషు వికీపీడియాలో వద్దనే గట్టిగా చెబుతారు. చెప్పి రాసినా ప్రచారం ప్రచారమే. చర్చా పేజీలో ఏ వాక్యం తప్పో, దాని బదులు ఏం ఉండాలో రాసి, సంస్థతో సంబంధం లేని మూలం చూపించి, మార్చమని అడగాలి. చూసేది జీతం లేని స్వచ్ఛంద సభ్యులు, ముందు వరుసలో ఇంకా చాలా విన్నపాలుంటాయి. వారాలు పట్టొచ్చు, కాదని కూడా అనొచ్చు. "వెంటనే" అన్న పై అధికారికి ఈ మాట ముందే చెవిన వేసి ఉంచండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.