కెమెరా కార్డులో ఏముందో చూసి కంప్యూటర్ కొనండి

అందరికీ నమస్కారం. పలమనేరు, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లు కూడా ఉన్నారు. అందుకే నేరుగా విషయానికే వస్తాను.

నన్ను ఎవరు కలిసినా అడిగేది ఒకటే. "అన్నా, వీడియో ఎడిటింగ్‌కి లక్ష లోపల ఏ సిస్టమ్ తీసుకోమంటావు?" నేను తిరిగి అడుగుతాను, నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంది నాయనా అని. "ఫోర్ కే అన్నా" అంటారు. ఫోర్ కే అనేది బొమ్మ సైజు. ఆ బొమ్మను కెమెరా ఎట్లా మూట కట్టింది, విప్పడానికి మన మెషీన్ ఎంత చాకిరీ చేయాలి, తెలియాల్సింది అది.

తిరుపతి గంగజాతరలో మీరంతా వీడియోలు తీసినవాళ్లే. బండవేషం కట్టినాయన గుంపులో నుంచి దూసుకొస్తా ఉంటాడు. కెమెరా సెకనుకు 25 బొమ్మలు తీస్తుంది గానీ, వీడియోను కుదించి దాచే పద్ధతులైన హెచ్.264లో, హెచ్.265లో సాధారణంగా అన్నిటినీ నిండుగా దాచదు. ఒక బొమ్మ (దీన్నే ఫ్రేమ్ అంటాం) నిండుగా పెట్టి, తర్వాతి వాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. ఆయన చెయ్యెత్తిన ఫ్రేమ్ దగ్గర మీరు మౌస్ ఆపారనుకోండి. ఆ ఫ్రేమ్ ఫైల్లో నిండుగా ఉండకపోవచ్చు. కంప్యూటర్ వెనక్కి పోయి నిండు బొమ్మను పట్టుకుని, మార్పులన్నీ కలుపుకుంటా వచ్చి, అప్పటికప్పుడు దాన్ని తయారుచేయాలి. మీరు ముందుకీ వెనక్కీ జరిపిన ప్రతిసారీ ఇదే పని. ఫైలు చిన్నదే, విప్పడమే కష్టం.

నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే. 2022లో అప్పు చేసి కొత్త సిస్టమ్ కట్టించుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్. చివర ఎఫ్ ఉన్నదైతే కాస్త తక్కువకు వస్తుందన్నారు, సరేనన్నాను. మొదటి పెళ్లి తిరుచానూరులో. రంగులు బాగా వస్తాయని, రంగుల వివరం ఎక్కువగా దాచే 10 బిట్, 4:2:2 పెట్టుకుని హెచ్.265లో తీశాను. ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్ మీద వేస్తే, జీలకర్ర బెల్లం పట్టుకున్న పెళ్లికూతురి చెయ్యి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. మేళం మాత్రం వినిపిస్తా ఉంది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

తర్వాత తెలిసింది. ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ లేనట్టే. ఇంటెల్ ప్రాసెసర్లలో 4:2:2 హెచ్.265ని విప్పే భాగం ఆ లోపలి గ్రాఫిక్స్‌లోనే ఉంటుంది, దాన్నే క్విక్ సింక్ అంటారు. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి ఈ సదుపాయం ఉంది. ఎన్విడియా కార్డులకు ఆ పని 50 సిరీస్‌తో గానీ రాలేదు. అంత డబ్బు పోసి కొన్న కార్డు ఖాళీగా కూర్చుంటే ప్రాసెసర్ ఒక్కటే బరువంతా మోసింది. రంగులు దిద్దడానికి, నాయిస్ తీయడానికి కార్డు కావాల్సిందే, కాదనను. విప్పే పని వేరే అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ పెళ్లిని గట్టెక్కించింది ప్రాక్సీలు. ప్రతి క్లిప్పుకీ తేలికైన చిన్న నకలు చేసుకుని దాని మీద కట్ చేస్తాం. చివర రెండర్ చేసేటప్పుడు, అంటే పూర్తి వీడియో బయటికి తీసేటప్పుడు, అసలు ఫైలే వాడుతుంది, క్వాలిటీ తగ్గదు. కొత్త సిస్టమ్ కొనే ముందు ఉన్నదాని మీద ఒకసారి ప్రాక్సీలతో పని చేసి చూడండి. కొందరికి కొనే అవసరమే రాదు.

సాఫ్ట్‌వేర్ సంగతి. మన పెళ్లి ఎడిటర్లలో చాలామంది చేతులు ఎడియస్‌కి అలవాటు పడ్డాయి. పని సాగుతుంటే మార్చొద్దు. ప్రీమియర్ ప్రోకి నెలకో ఏడాదికో చందా కడుతూనే ఉండాలి. ఫైనల్ కట్ ప్రో యాపిల్ మెషీన్ ఉంటేనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది డావిన్సీ రిజాల్వ్. ఉచిత వెర్షన్‌లోనే 3840×2160 దాకా రెండర్ చేసుకోవచ్చు, వాటర్‌మార్క్ పడదు. అయితే మీ కెమెరా ఫైలు అందులో తెరుచుకుని సాఫీగా ఆడుతోందో లేదో ముందే చూసుకోండి, కొన్ని ఫార్మాట్లకు డబ్బు పెట్టి స్టూడియో వెర్షన్ కొనాల్సిందే. క్రాక్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో ఇస్తామనేవాళ్లు ఉంటారు. తీసుకోవద్దు. వాటితో పాటు వైరస్ వస్తే కస్టమర్ల పెళ్లిళ్లన్నీ పోతాయి.

తెలుగు టైటిల్స్ గురించి గట్టిగా చెప్పాలి. "శ్రీరస్తు" అని కొడితే త వత్తు విడిపోయి పక్కన పడుతుంది. అట్లాగే ఇచ్చేసిన వీడియోలు నేను చూశాను, చాలా బాధేస్తుంది. జీవితాంతం దాచుకునే వీడియోలో ఇంటిపేరు తప్పుగా ఉంటే ఎట్లా? ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌లోకి పోయి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కి మార్చండి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా మొదటిరోజే "స్త్రీ", "లక్ష్మి" టైప్ చేసి చూడండి.

ర్యామ్ 16 జీబీ ఉంటే నెట్టుకురావచ్చు, 32 ఉంటే హాయి. యూపీఎస్ లేకుండా కూర్చోవద్దు. మన మే నెల ఎండల్లో లాప్‌టాప్ వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, అందుకే ఒకేచోట కూర్చుని పని చేసేవాళ్లకు డెస్క్‌టాపే మేలు.

ఇక జాగా. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఆరు గంటల పెళ్లి, 540 జీబీ. ఎడిటింగ్ జరుగుతున్న పెళ్లి ఎస్ఎస్‌డీలో ఉండాలి, అయిపోయినవి హార్డ్ డిస్కుల్లో. రెండు వేరువేరు డిస్కుల్లోకి కాపీ అయి, తెరిచి చూసుకున్నాకే కెమెరా కార్డు ఫార్మాట్ చేయండి. తాళి కట్టించే క్షణాన్ని మళ్లీ తీయలేం కదా.

బయట బల్ల మీద రెండు సిస్టమ్‌లు పెట్టాం, ఒకటి ఎఫ్ ఉన్నది, ఒకటి లేనిది. మీ కెమెరా కార్డులు తెచ్చుంటే రండి, ఒకటే క్లిప్పు రెండింటిలో వేసి చూద్దాం.