మార్పు రోజు మన చేతిలో ఉండాలి
(నెల్లూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ లినక్స్ వాడుతున్నారని విన్నాను. సంతోషం. నేనూ అదే వాడతాను. లినక్స్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి బడి లేదు. కానీ ఈరోజు మాట్లాడేది సర్వర్ గురించి. అంటే, పక్కవాడి బతుకుతెరువు నడిచే మెషిన్ గురించి.

కొన్నేళ్ల కిందట అల్లూరు వైపు ఒక రొయ్యల మేత షాపుకి బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. చెయ్యి అలవాటైంది కదా అని సర్వర్‌లోనూ ఆర్చే వేశాను. ఒక రాత్రి ఇంటి నుంచే అప్‌డేట్ మొత్తం కొట్టి, రీస్టార్ట్ చేసి పడుకున్నాను. తెల్లారకముందే ఫోన్. "అబ్బయా, బిల్లు రావట్లేదే. రైతులొచ్చి నిలబడుండారు" అన్నాడు షాపాయన.

లాగ్ తెరిస్తే సంగతి అర్థమైంది. ఖాతాలన్నీ దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14 పోయి 15 వచ్చింది. పెద్ద వెర్షన్ మారితే పాత డేటాను అది నేరుగా తెరవదు, మనం మార్చి ఇవ్వాలి. డేటా ఏమీ పోలేదు. తప్పు ఆర్చ్‌ది కాదు, ఏం మారుతుందో చూడకుండా అప్‌డేట్ కొట్టిన నాది. కానీ నేను సరిచేసేసరికి పదకొండయింది. అప్పటిదాకా ఆయన మేత బస్తాల మీద కూర్చుని ఎవరి బాకీ ఎంతో కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం చూశాక నా మనసు మారిపోయింది.

అదే డెబియన్ అనే ఇంకో లినక్స్, దాని 11వ విడుదల అయితే, ఆ విడుదల ఉన్నన్నాళ్లూ పోస్ట్‌గ్రెస్ 13 సిరీసే. డెబియన్ 12కి వెళ్తే పోస్ట్‌గ్రెస్ 15 వచ్చి పక్కన కూర్చుంటుంది, పాత 13 అలాగే ఉంటుంది. డేటా మాత్రం మనం మార్చమన్న రోజే మారుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే. ఆర్చ్ లాంటి రోలింగ్ లినక్స్‌లో, అంటే కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వచ్చిపడే దాంట్లో, మార్పు ఎప్పుడు రావాలో అవతలివాళ్లు నిర్ణయిస్తారు. అప్‌డేట్లు ఆపుకుని కూర్చుందామా అంటే, భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.

డెబియన్ ఇచ్చే ఇలాంటి విడుదలని స్టేబుల్ అంటారు. స్టేబుల్ అంటే బగ్గులు లేనిదని కాదు, ప్రవర్తన మారనిదని. భద్రతా లోపం బయటపడితే ఆ సవరణ ఒక్కటే తెచ్చి పాత వెర్షన్‌కి అతికిస్తారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. కాబట్టి వెర్షన్ నంబర్ చూసి కంగారు పడొద్దు. ఆ లోపం సరిచేశారో లేదో డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో చూడండి.

2024 మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఎవరో పెట్టిన దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపరే. ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు టంబుల్‌వీడ్ అనే రోలింగ్ లినక్స్‌కి, డెబియన్‌లో కొత్తవి ముందుగా చేరే అన్‌స్టేబుల్‌కి చేరిపోయాయి. డెబియన్ స్టేబుల్‌కి చేరలేదు. ఆలస్యంగా రావడం కూడా ఒక్కోసారి కాపాడుతుంది.

అలాగని స్టేబుల్ వేసి మర్చిపోకూడదు. దానికీ భద్రతా సవరణలు అందే గడువుంది. డెబియన్‌కి మూడేళ్లు, పైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) రెండేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్‌కి ఐదేళ్లు. ఆల్మా, రాకీ అనే లినక్స్‌లకి పదేళ్లు. సెంటాస్ 8 అనే ఇంకో లినక్స్‌ని 2029 దాకా నమ్ముకున్నవాళ్లకు 2021 డిసెంబర్ 31తోనే ముగిసిపోయింది. అందుకే దారి మార్చుకోవడం ముందే తెలిసుండాలి.

ఆ షాపు సర్వర్ ఇప్పుడు డెబియన్. భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడతాయి. డెబియన్ 12 నుంచి 13కి వెళ్లేటప్పుడు, పట్టుబడులు అయిపోయి రైతులు చెరువులు ఎండబెట్టుకునే రోజుల దాకా ఆగాను. ముందు బ్యాకప్‌ని ఇంట్లో ఇంకో మెషిన్ మీదకి ఎక్కించి, పోస్ట్‌గ్రెస్ 15 డేటాను 17కి రెండుసార్లు మార్చి చూశాను. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం షాపులోనే కూర్చుని అసలు పని చేశాను. సాయంత్రం మొదటి బిల్లు ఆయనే కొట్టాడు. పాత బాకీతో సహా వచ్చింది.