సంతనూతలపాడు దగ్గర కూలబడిన కారు
(ఒంగోలులో ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థులకు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకోసం ఒక పాత సామాను తెచ్చాను. మా షెడ్లలో దీన్ని బెలూన్ అంటాం. ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ కార్లలో స్ప్రింగు ఉండాల్సిన చోట ఈ మడతల రబ్బరు సంచి ఉంటుంది. గాలి పట్టిస్తే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది.

ఇది చీమకుర్తి క్వారీ ఆసామి ఒకాయన కారుది. కంపెనీ పేరు వద్దులెండి. ఒంగోలు వస్తూ సంతనూతలపాడు ఇంకా రాకముందే ఒక పక్క కూలబడింది. నేను వెళ్ళేసరికి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరే సందు లేదు. సబ్బునీళ్ళు చల్లితే మడతలో వరసగా బుడగలు లేచాయి. గ్రానైటు దుమ్ము ఆ మడతలో చేరి, రబ్బరు ముడుచుకున్నప్పుడల్లా గీరుతూ వచ్చింది. సన్నటి పగులు పడింది. గాలి పోతుంటే, బెలూన్‌కి గాలి పట్టించే కంప్రెసర్ ఆగకుండా తిరిగింది. తిరిగి తిరిగి అదీ కాలిపోయింది. పగిలింది రబ్బరే అయినా బిల్లు రెండింటికీ పడింది. పైగా సామాను వచ్చేదాకా రోజుల తరబడి బండి షెడ్డులోనే.

అదే రోడ్డు మీద రాయి మోసే లారీకి స్ప్రింగుగా ఉండేది కమాన్ కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. అందులో మెయిన్ పట్టీ విరిగితే డ్రైవరు ఏం చేస్తాడు? ఆ కట్టకీ ఛాసిస్‌కీ (బండి అడుగు చట్రానికీ) మధ్య చెక్క దుంగ ఇరికించి, నెమ్మదిగా షెడ్డుకి తోలుకొస్తాడు.

అలాగని ఆ కార్లు చేసినవాళ్ళను తక్కువ చేస్తే నేను ఒప్పుకోను. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌కి నాలుగు చక్రాలకూ కాయిల్ (చుట్ట) స్ప్రింగులు, నాలుగింటికీ డిస్క్ బ్రేకులు. ఇంజను బలం ఎప్పుడూ నాలుగు చక్రాలకూ అందేది. ఆ రోజుల్లో ఇలాంటి బళ్ళు ఎక్కువగా కమాన్ల మీదే నడిచేవి. ఆ బండి డిజైను బొమ్మలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1992లో ఆ బండికే ఎలక్ట్రానిక్ గాలి సస్పెన్షన్ పెట్టారు. సుఖం పెరిగింది. దాంతోపాటు బెలూన్లు, కంప్రెసర్, వాల్వులు, ఎత్తు కొలిచే సెన్సర్లు, వైర్లు కూడా పెరిగాయి.

ఇక్కడ ఒక లెక్క వేయండి. ఒక్కో భాగం నూటికి 99 సార్లు సరిగా పనిచేస్తుందనుకుందాం. అలాంటివి 10 కలిసి పనిచేస్తేనే బండి నిలబడుతుందంటే, మొత్తం మీద దాదాపు 90 సార్లే. 20 అయితే 82. ఏ భాగమూ నాసిరకం కాదు, ఏ ఇంజినీరూ తప్పు చేయలేదు. అయినా అంతే.

టొయోటా వాళ్ళ ల్యాండ్ క్రూజర్ 70 చూడండి. 1984లో మొదలై ఇప్పటికీ తయారవుతోంది. వెనక ఇప్పటికీ కమాన్ కట్టలే. కొత్తవి చేయడం చేతకాక ఉంచలేదు. గనుల్లో, ఎడారుల్లో తిరిగే బండి, ఏది చెడినా దొరికిన పనిముట్లతో బాగుచేసుకుని ఇంటికి రావాలని ఉంచారు. అదీ ఇంజినీరింగే. నా మటుకు నాకు, అదే కష్టమైన ఇంజినీరింగ్.

రేపు మీరు గీసే ప్రతి బొమ్మ పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఇది చెడిన రోజున బండి ఇంటికెలా వస్తుంది?

ఇదిగో, ముందు వరస నుంచి అందించండి. మడత విప్పి లోపల గోరు పెట్టి గీకండి. తెల్లటి పొడి వస్తుంది. అది చీమకుర్తి దుమ్ము.