ట్యాకిల్ రాదన్నవాడికే డిఫెన్స్ అప్పజెప్పారు: రోనన్ ఓగారా కెరీర్ రివ్యూ

హాయ్ అండీ అందరికీ. ఎప్పుడూ మ్యాచ్ రివ్యూలే కదా, ఈసారి ఒక మనిషి కెరీర్ మొత్తం ముందేసుకుని కూర్చున్నాను. రోనన్ ఓగారా. ఐర్లాండ్ రగ్బీ ఆటగాడు, తర్వాత కోచ్. రగ్బీ మనకెందుకు అంటారా, 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది, మర్చిపోయారేమో. కాకపోతే అది ఏడుగురి ఆట, ఇది పదిహేను మందిది, 80 నిమిషాలది.

ఈయన పుట్టింది అమెరికాలో, శాన్ డియాగోలో. పెరిగింది మాత్రం ఐర్లాండ్‌లోని కార్క్‌లో. 10వ నంబర్ జెర్సీ, అంటే ఫ్లై హాఫ్. బంతి పాస్ చేయాలా, తన్నాలా, పట్టుకుని పరిగెత్తాలా అనేది అక్కడే తేలుతుంది. ఓగారా ఎక్కువగా తన్నేవాడు, కానీ ఏం తన్నుడండీ అది, టచ్‌లైన్ (మైదానం పక్క గీత) పక్కన సరిగ్గా తనకు కావలసిన గజంలోనే పడేది. ఐర్లాండ్ తరఫున 128 మ్యాచ్‌లు, 1,083 పాయింట్లు. ఒక్క లోపం, మనిషి సన్నం. రగ్బీలో సన్నగా ఉంటే వంద కిలోల పైవాళ్లంతా వెతుక్కుని మరీ నీ మీదకే పరిగెత్తుకొస్తారు. అందుకే కెరీర్ పొడుగునా ఈయన ట్యాకిల్ (బంతితో వచ్చేవాణ్ని పట్టి పడేయడం) మీద సణుగుడు ఆగలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2009 మార్చి, కార్డిఫ్. వేల్స్ మీద గెలిస్తే ఐర్లాండ్‌కి గ్రాండ్ స్లామ్ (ఏటా జరిగే ఆరు దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం), 1948 తర్వాత మళ్లీ రాలేదది. చివరి నిమిషాల్లో 15-14తో వేల్స్ ముందుకెళ్లింది. అప్పుడు తోటి ఆటగాడు స్ట్రింగర్ పాస్ ఇచ్చాడు, వేల్స్ వాళ్లు చేతులెత్తి మీదకి ఉరుకుతున్నారు, ఈయన బంతిని నేల మీదకి వదిలి, అది లేచే క్షణంలో తన్నాడు. డ్రాప్ గోల్ అంటే అదే, మూడు పాయింట్లు. 17-15. ఆ కిక్ స్లో మోషన్‌లో చూడండి, మామూలుగా కొట్టే దానికంటే నిటారుగా లేస్తుంది బంతి, ఎందుకంటే ఎదురుగా ఉన్న చేతుల మీదుగా దాటించాలి కదా. తర్వాత వేల్స్‌కి ఆఖరి పెనాల్టీ దొరికింది, అది పోస్టుల దాకా వెళ్లకుండానే కింద పడింది.

మూడు నెలలకి, జూన్‌లో, ప్రిటోరియా. బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్లు కలిసి ఆడే లయన్స్ జట్టు, సౌతాఫ్రికా మీద రెండో టెస్ట్, 25-25. సబ్‌గా వచ్చిన ఓగారా బంతిని పైకి తన్ని, దాని వెనకే పరిగెత్తి, గాల్లో ఉన్న సౌతాఫ్రికా ఆటగాడు ఫూరీ డు ప్రీని గుద్దేశాడు. గాల్లో ఉన్నవాణ్ని గుద్దడం తప్పు, పెనాల్టీ. మోర్నే స్టెయిన్ సగం మైదానం అవతల నుంచి కొట్టాడు, 28-25, సిరీస్ పోయింది. అదే సంవత్సరం, అదే కాలు.

నిజానికి ఇలాంటి దెబ్బ మొదటిసారేం కాదు. 2000లో ఈయన ఐరిష్ జట్టు మన్‌స్టర్ యూరోప్ క్లబ్‌ల కప్పు ఫైనల్ ఆడితే ఇంగ్లండ్ క్లబ్ నార్తాంప్టన్ చేతిలో 9-8తో ఓడింది, చివర్లో గెలిపించే పెనాల్టీ మిస్ చేసింది ఈయనే. కప్పు చేతికి రావడానికి 2006 దాకా పట్టింది, 2008లో ఇంకోటి. 2011లో అదే నార్తాంప్టన్ మీద సొంత మైదానం థోమండ్ పార్క్‌లో, టైమ్ అయిపోయాక, మన్‌స్టర్ బంతి వదలకుండా 41 ఫేజులు, అంటే వరసగా 41 దాడులు, ఆడింది. నలభై ఒకటి! ఒకడు పడతాడు, బంతి తీస్తారు, ఇంకొకడు గుద్దుకుంటాడు, మళ్లీ పడతాడు. అది అలా సాగి సాగి చివరికి ఓగారా డ్రాప్ గోల్‌తో 23-21.

2013లో బూట్లు పక్కన పెట్టాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు, ఈయన కోచింగ్‌ని రచ్చలోనే మొదలుపెట్టాడు. పారిస్‌లో రేసింగ్ క్లబ్‌కి అసిస్టెంట్‌గా వెళ్లాడు. అక్కడ ఏం బాధ్యత వచ్చిందో తెలుసా? కిక్కింగ్ సరే, డిఫెన్స్ కూడా! ట్యాకిల్ రాదని జనం నవ్విన మనిషికి. నాకైతే ఇది తమాషాగా అనిపించదు, ఎవరి వైపు నుంచి గోడ కూలుతుందో ఏళ్ల తరబడి అందులో నిలబడ్డవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి. 2016లో రేసింగ్ ఫ్రెంచ్ లీగ్ గెలిచింది, బార్సిలోనాలో జరిగిన ఫైనల్‌లో, చాలాసేపు 14 మందితోనే ఆడి. తర్వాత న్యూజిలాండ్ వెళ్లి క్రుసేడర్స్ జట్టులో అసిస్టెంట్, 2018, 2019 రెండు టైటిళ్లు.

ఇక లా రొషెల్, ఈయన హెడ్ కోచ్ అయిన ఫ్రెంచ్ క్లబ్. అట్లాంటిక్ ఒడ్డున చిన్న రేవు పట్టణం, అప్పటికి పెద్ద కప్పు ఒక్కటి లేదు. 2021లో యూరోప్ ఫైనల్, ఫ్రెంచ్ ఫైనల్ రెండూ తులూజ్ చేతిలోనే పోయాయి. అక్కడ ఈయన పట్టుకున్న మంత్రం "కీప్ బాల్ అలైవ్", బంతిని చావనీయొద్దని. జీవితమంతా బంతిని తన్ని బతికినవాడు చెప్పే మాటేనా అది!

2022 ఫైనల్, మార్సెయ్. ఎదుటి ఐరిష్ జట్టు లెన్‌స్టర్ ఏడు పెనాల్టీలు కొట్టింది, ట్రై (గీత దాటి బంతిని నేలకి ఆనించడం, ఐదు పాయింట్లు, ఆపై కిక్‌కి ఇంకో రెండు) ఒక్కటీ లేదు, 21-17. నాలుగు పాయింట్లు వెనక, అంటే మూడు పాయింట్ల కిక్ ఎందుకూ పనికిరాదు. లైన్ దగ్గరే గుద్దుకుంటూ గుద్దుకుంటూ, చివరి నిమిషంలో లా రొషెల్ ఆటగాడు ఆర్థర్ రెటియేర్ చెయ్యి చాచి బంతిని గీత మీద ఆనించాడు. 24-21. నాకు థోమండ్ పార్కే గుర్తొచ్చింది.

2023లో మళ్లీ లెన్‌స్టర్, ఈసారి వాళ్ల ఊళ్లోనే, డబ్లిన్‌లో. 12 నిమిషాలకి 17-0. నేను ఇక అయిపోయిందిలే అని టీ పెట్టుకోవడానికి లేచాను, తర్వాత ఆ టీ సంగతే మర్చిపోయాను. 27-26, లా రొషెల్.

మైనస్‌లూ చెప్పాలి. నోరు, కోపం. రిఫరీలతో గొడవలు పెట్టుకుని 2022లో సస్పెన్షన్లు తిన్నాడు, స్టాండ్స్‌లో కూర్చున్న కోచ్ వల్ల ఆటగాళ్లకి ఏం లాభం? 2024-25లో అయితే జట్టు ప్లేఆఫ్స్‌కే రాలేదు, అదే మంత్రం, అవే బరువైన శరీరాలు, కానీ కాళ్లలో వేగం తగ్గిపోయింది.

అయినా నేను పదికి ఎనిమిదిన్నర వేస్తాను. ఆ ఒకటిన్నర రిఫరీల ఖాతాలో కోశాను. కొత్తగా చూసేవాళ్లు గ్రాండ్ స్లామ్ కిక్‌తో మొదలుపెట్టకండి. ముందు ఆ 41 ఫేజులు చూడండి, వెంటనే మార్సెయ్ చివరి ఐదు నిమిషాలు పెట్టుకోండి, రెండూ ఒకదాని పక్కన ఒకటి.