బెజవాడ ఎండల్లో రెడ్ జింజర్ పూయాలంటే

శ్రోతలకు నమస్కారం. అల్లం, పసుపు కుటుంబానికే చెందిన పూలమొక్క రెడ్ జింజర్. పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు, పసిఫిక్ దీవులు. కాడ చివర జానెడు పొడవున ఎర్రగా కనిపించేవన్నీ పుచ్ఛాలే, అంటే పువ్వును కాచుకుని ఉండే రంగు ఆకులు. అసలు పువ్వు చిన్నది, తెల్లనిది, వాటి సందుల్లోంచి తొంగిచూసి త్వరగా వాడిపోతుంది. పుచ్ఛాలు మాత్రం వారాల తరబడి నిలుస్తాయి.

దుగ్గిరాల వైపు పసుపు రైతులకు దీని దుంప కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. పసుపు ఆకులు ఎండి దుంప విశ్రాంతిలోకి పోతుంది, ఇది ఏడాదంతా పచ్చగా ఉండాలి. అందుకే వేసవిలోనూ తడి ఆరనివ్వకూడదు.

మన దగ్గర దీన్ని దెబ్బతీసేవి రెండు: వడగాడ్పు, నీరు నిలిచే నల్లరేగడి. పడమటి బాల్కనీలో పెడితే ఆకు అంచులు మాడతాయి, ఎరుపు వెలిసిపోతుంది. ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపు మేలు. లేదంటే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. నల్లరేగడిలో గుంట తీసి నాటితే వానాకాలంలో దుంప కుళ్లుతుంది. అడుగు ఎత్తున మడి కట్టి, మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. కుండీ అయితే 18 అంగుళాల వెడల్పుకు తగ్గకూడదు.

రోహిణి కార్తెలో నాటొద్దు, తొలకరి పడనివ్వండి. రెండు మూడు పిలకలున్న దుంప తీసుకుని, కాడలను అడుగు ఎత్తులో కత్తిరించి, రెండు అంగుళాల లోతున పెట్టండి. పైన వరిగడ్డి మూడు అంగుళాల మందాన పరవండి, కాడ మొదలుకు తగలనివ్వకండి. పూతకు సుమారు ఏడాది పడుతుంది. పాత పూగుత్తి పుచ్ఛాల మధ్య మొలిచే చిన్న మొక్కలనూ వేరుపోసుకున్నాక నాటుకోవచ్చు. అవి పూయడానికి ఇంకా ఆలస్యమవుతుంది.

లేతాకు పసుపుబారి ఈనెలు పచ్చగానే ఉంటే అది ఇనుము లోపం. క్షారనేలల్లో, ఉప్పదనమున్న బోరునీటితో ఇది మామూలే. అలాంటప్పుడు యూరియా వేసి లాభం లేదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక గ్రాము కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం పది రోజులకు మరోసారి చేయండి. పుచ్ఛాల మధ్య పిండినల్లి చేరితే చీమలు దాన్ని కాపాడుతుంటాయి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సందుల్లోకి పోయేలా కొట్టండి.

ఒక కాడ ఒక్కసారే పూస్తుంది. పూత అయ్యాక మొదలంటా కోసేస్తే కొత్త పిలకలకు బలం, గాలి అందుతాయి. చాలామంది ఆకు పచ్చగా ఉందని ఉంచేస్తారు, దాంతో గుబురు పెరిగి పూత తగ్గుతుంది.

ఇంట్లో అలంకరణకైతే మూడొంతుల్లో రెండొంతులు పుచ్ఛాలు విచ్చాక, తెల్లవారుజామున కోయండి. కోశాక మిగతావి విచ్చుకోవు. కాసేపు పూగుత్తిని మొత్తంగా నీళ్లలో ముంచి, ఆ తర్వాత కూజాలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ చలికి పుచ్ఛాలు నల్లబడతాయి.